గుళికల పొయ్యి, బొగ్గుల కుంపటి

దుబాయ్‌లో చలేమిటని నవ్వేవాళ్లకు నేనిచ్చే జవాబు ఒకటే. దుబాయ్‌కి ఉత్తరాన రాస్ అల్ ఖైమా కొండల కింద, జనవరి నెలలో, చంటిపిల్లతో బాలింతగా పడుకుని చూడండి, ఆ తర్వాత నవ్వుదురుగాని.

మా ఆయన అక్కడ ఒక క్వారీ ఆఫీసులో లెక్కలు చూసేవారు. కంపెనీ ఇచ్చిన ఇల్లు క్వారీకి దగ్గర, ఊరికి దూరం. నేలంతా టైల్సు, గోడలు సిమెంటు దిమ్మెలు. ఆ ఇంటిని చల్లబరచడానికి గదికో ఏసీ ఉంది కానీ, వెచ్చబరచడానికి ఉన్నది హాల్లో మూలనున్న ఇనప పొయ్యి ఒక్కటే. మాకు ముందు ఆ ఇంట్లో ఉన్న యూరప్ ఇంజనీరు ఒకాయన దాన్ని తన దేశం నుంచి తెప్పించుకుని, పోయేటప్పుడు మోయలేక వదిలేశాడట. దాన్ని వెలిగించాలన్న ఆలోచన మాకెప్పుడూ రాలేదు. దాని నెత్తిన టెలిఫోను పెట్టుకున్నాం.

రెండు వేల ఆరు చలికాలంలో మా అమ్మాయి నెల ముందే పుట్టింది. బరువు తక్కువ. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, పిల్ల ఒళ్లు చల్లబడకుండా చూసుకోండి, ప్రస్తుతానికి దీనికదే మందు అన్నారు. మా ఆయన వెంటనే కరెంటు హీటరు తెచ్చారు. అది పెట్టగానే మా ఇంటికీ పక్కిళ్లకీ కలిపి చలికాలంలో నడిపే చిన్న జనరేటరు గుడ్లు తేలేసింది. మళ్లీ పెట్టారు, మళ్లీ తేలేసింది. "ఇక ఖలాస్, ఇంకోసారి పెడితే ముదీర్ నన్ను ఇంటికి పంపిస్తాడు" అని, మేనేజరుకి భయపడి హీటరు అటకెక్కించారు.

ఇంతలో విజిట్ వీసా మీద అమ్మ దిగింది. కాకినాడ నుంచి వసకొమ్ము, సాంబ్రాణి, నువ్వులనూనె, మెత్తటి పాతచీరలు, అన్నీ మోసుకొచ్చింది. గదిలో అడుగుపెట్టి మంచం కిందకి వంగి చూసింది.

"కుంపటేదే?" అంది.

అల్లుడుగారు అత్తగారి మెప్పు కోసం ఆ సాయంత్రమే బజారుకెళ్లి కబాబులు కాల్చుకునే ఇనప కుంపటీ, బస్తాడు బొగ్గులూ పట్టుకొచ్చారు. నాకు ఒళ్లు మండింది. మూసిన గదిలో బొగ్గులు పెట్టొద్దని ఆస్పత్రిలో మలయాళీ నర్సు నాకు గట్టిగా చెప్పింది. ఆ మాటే అమ్మకి చెప్తే, "మీరంతా కుంపటి పక్కన పెరిగినోళ్లే, చక్కగా లేరూ?" అని కొట్టిపారేసింది.

"నన్ను ఆ పొయ్యి వెలిగించనివ్వమ్మా" అన్నాను.

"వెలిగించుకో. పిల్ల కాళ్లు చల్లబడ్డాయో, ఇక నీ మాట వినను" అంది.

ఒప్పందం అదీ. పిల్ల పాదాలు వెచ్చగా ఉన్నంతకాలం కుంపటి వరండాలో ఉంటుంది.

పొయ్యి అడుగున దాని పుస్తకం దొరికింది. బాలింత పుస్తకం చదివితే కళ్లు పోతాయని అమ్మ లాక్కుంది. మళ్లీ కాజేసి దుప్పటి ముసుగులో చదివాను. తీరా చూస్తే అదేమంత బ్రహ్మవిద్య కాదు. వెనక డబ్బాలో రంపపుపొట్టుతో చేసిన గుళికలు పోయాలి. లోపల స్క్రూలాంటి మరకడ్డీ ఒకటి తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఒక ఫ్యాన్ మంటకి గాలి పోసి పొగని గోడలోని గొట్టం గుండా బయటికి పంపుతుంది, ఇంకో ఫ్యాన్ వేడిని గదిలోకి తోస్తుంది. కరెంటు ఒక పెద్ద బల్బుకి ఎంతో అంతే. జనరేటరు కిక్కురుమనలేదు.

గుళికలు ఎక్కడ దొరుకుతాయన్నదే ప్రశ్న. మా ఆయన పుస్తకంలో బొమ్మ చూసుకుని వెళ్లి రెండు బస్తాలు తెచ్చారు. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి, కాస్త ఆకుపచ్చగా. వెలిగించాక ఇల్లంతా మాడిన గోంగూర కంపు కొట్టింది, నిప్పుగిన్నెలో గాజులాంటి గట్టి పిడచ కట్టింది. అది ఒంటెల దాణా. అమ్మ పడీ పడీ నవ్వింది. మా ఆయన రెండు రోజులు నా మొహం చూడలేదు. చివరికి ఎవరో చెబితే గుర్రాలశాలకి వెళ్లారు. అక్కడ గుర్రాల కింద పరిచే గుళికలు అసలైన కొయ్యవి. అవి పోశాక పొయ్యి బుద్ధిగా, పసుప్పచ్చటి మంటతో వెలిగింది. నా మంచం, పిల్ల పక్కా హాల్లోకి మార్చేశాం.

దాని చాకిరీ దానికుంది. రోజూ పొద్దున్నే చల్లారాక గిన్నె బయటికి తీసి అడుగు రంధ్రాలన్నీ పుల్లతో పొడవాలి. ఒక్క రంధ్రం పూడినా మంట ఎర్రబడి, తలుపు అద్దం నల్లబడిపోతుంది. బూడిద ఎత్తాలి. తడి కాగితాన్ని ఆ బూడిదలోనే అద్ది అద్దం తుడిస్తే మెరిసిపోతుంది. "బాలింతవి వంగకే!" అని అమ్మ అరుస్తూనే ఉండేది, నేను వంగుతూనే ఉండేదాన్ని. బూడిద మాత్రం అమ్మకి తెగ నచ్చింది. నా ఇత్తడి కుందులు దాంతోనే తోమింది.

పురుడు తీరిన రోజున నాకు తలంటి, స్నానానికి పంపింది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి హాలంతా మాడుపాల వాసన. పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టి ఉంది. పైన పాలగిన్నె.

"ఏ పొయ్యైనా పాలు పొంగించకుండా వాడతారటే? అందుకే అస్తమానం మూలుగుతోంది" అంది అమ్మ.

పొయ్యి నెత్తి మీద పాలు పొంగేంత వేడి ఉండదు. అందుకని గ్యాసు మీద మరగబెట్టి, పొంగుతున్న గిన్నెని తెచ్చి దాని మీద పెట్టిందట. శాస్త్రం ప్రకారం పాలు తూర్పుకే పొంగాయి. తూర్పునున్న జాలీలోంచి లోపలికి కారి, ఫ్యాన్ రెక్కల మీద మాడాయి. ఫ్యాన్ ఆగింది. వేడెక్కిపోయి పొయ్యి తనంతట తానే ఆరిపోయింది.

బయట వాన. కొండ మీంచి ఈదురుగాలి. మా ఆయన క్వారీలో ఉన్నారు. మధ్యాహ్నానికి గది గడ్డకట్టుకుపోయింది. పిల్ల పాదాలు పట్టుకుని చూశాను, చల్లగా తగిలాయి. తలెత్తేసరికి అమ్మ వరండాలో బొగ్గులు రాజేసి, ఎర్రటి కుంపటిని గుడ్డతో పట్టుకుని గదిలోకి వస్తోంది.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "అది లోపలికి తెచ్చావంటే పిల్లనెత్తుకుని వానలోకి పోతాను."

"నీ మొండితనంతో దాన్ని చంపుకుంటావా?"

"చంపేది నీ కుంపటే!" అని అరిచాను. నర్సు చెప్పిందంతా అప్పుడు వాగేశాను. బొగ్గుల్లోంచి విషగాలి పుడుతుందనీ, మూసిన గదిలో నిద్రపోయినవాళ్లు నిద్రలోనే పోతారనీ, పసివాళ్లయితే మరీ త్వరగా పోతారనీ.

అమ్మ వెనక్కి అడుగేసింది. కుంపటి వరండాలోనే దించేసింది. కోపం వచ్చిందనుకున్నాను, వస్తే రానీ అనుకున్నాను. పిల్లని బట్టల్లేకుండా అమ్మ గుండెలకి ఆనించి, పైన రగ్గు కప్పి, ఒంటివేడి తగలనిమ్మన్నాను. అదీ నర్సు నేర్పిందే. అమ్మ చెప్పినట్టే చేసింది.

పొయ్యి ప్లగ్గు తీసి, పక్క రేకు మరలు విప్పాను. రెక్కల మీద పాలు బెల్లంపాకంలా అంటుకుపోయాయి. వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి ఒక్కో రెక్కా తుడిచాను. ఇది తిరగకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఎవరినడగాలో తెలియదు. పొడిగుడ్డతో ఒత్తి, కాసేపు ఆరనిచ్చి, స్విచ్ వేశాను. ఫ్యాన్ ఒకసారి కుంయిమని, తిరిగింది. గుళికలు రాలాయి, పొగొచ్చింది, తర్వాత మంటొచ్చింది. ఆనందం పట్టలేక నేల మీదే కూలబడి ఏడ్చాను.

గది వెచ్చబడ్డాక పిల్ల పాదాలు చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ మాత్రం రగ్గు కింద అలాగే కూర్చుని ఉంది.

"ఆ గాలికి వాసనుంటుందా?" అంది.

"ఉండదట."

"పిల్లలు ఏడవరా?"

"ఏడవరమ్మా. నిద్రలోనే" అని, చప్పున ఆగిపోయాను.

నాకు ముందు అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టాడు. పుష్యమాసంలో, పురిటిగదిలో పాలు తాగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినా, దిష్టి తగిలిందంటారు.

"మనది పెంకుటిల్లు కదమ్మా. ఎన్ని సందులో! గాలి ఆడుతూనే ఉంటుంది. అక్కడ అలా జరగదు" అన్నాను. నిజమో కాదో నాకు తెలియదు.

అమ్మ పిల్ల పాదాలు రెండూ గుప్పిట్లో పట్టుకుంది.

"చలిగా ఉందని ఆ సందులన్నిట్లో నేనే గుడ్డలు కుక్కానే" అంది.