పసుపు ఆరబోసే రోడ్డు మీద అడవి కోసం మూడు కిలోమీటర్లు

వర్షారణ్యాల కోసం ఆర్మూరులో పరుగు పెడతామంటే మొదట నవ్వింది మా అల్లుడు. దోహాలో డ్యూటీ దిగి వీడియో కాల్ చేసినవాడు కూతురి మాట విని, "ఆర్మూర్ల నిలబడనీకి నీడ దొరుకుడే కష్టం, గా అడవికి మీరేం చేస్తరు బిడ్డా?" అన్నాడట. నా మనవరాలు శ్రీనిధి తొమ్మిదో తరగతి. ఆ ఫోన్ పెట్టేసి వెంటనే నాకు చేసింది. "అమ్మమ్మా, నాన్న నవ్విండు. నువ్వు గూడ నవ్వుతవా?" నేను నవ్వలేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనదాన్ని, నవ్వాల్సినచోట కూడా మార్కులు కోయడమే అలవాటు. "శనివారం బస్సెక్కుతున్న" అన్నాను. అల్లుడు నవ్వకపోయి ఉంటే బహుశా మోకాళ్ల నొప్పులు చెప్పి తప్పించుకునేదాన్నే.

అసలు నిప్పు పెట్టింది కూడా నేనే. దసరా సెలవుల్లో ఆర్మూరు వెళ్లినప్పుడు, మన పోపుడబ్బాలోని పసుపుకు పడమటి కనుమల వర్షారణ్యాల్లో చుట్టాలున్నాయని, పెద్ద చెట్ల నీడన ఇప్పటికీ ఆ అడవి పసుపు మొక్కలు పెరుగుతాయని చెప్పాను. పిల్ల రెండు రోజులు ఆలోచించి అడిగింది: "మరి గా చుట్టాల ఇల్లు నరుకుతుంటె పసుపు మీద బతికే మన ఊరోళ్లు ఎందుకు ఊకుంటున్నరు?" అడిగి ఊరుకోలేదు, తనే ఒక ఏర్పాటు చేసింది. బడి పిల్లలు మూడు కిలోమీటర్లు ఉరుకుతారు. ప్రతి పిల్లకూ ఒక చుట్టమో దుకాణదారో మాటిస్తారు: ఆగకుండా మొత్తం దూరం పూర్తి చేస్తేనే విరాళం. అది కనుమల్లో నరికేసిన వాలుల మీద అక్కడి మొక్కలే తిరిగి నాటే ఒక చిన్న బృందానికి వెళ్తుంది. దారి మాత్రం నేను ఎంచాను. ఊరి చివర బడి దగ్గర్నుంచి పక్క పల్లె దాకా కొత్త తారు రోడ్డు, లారీలు రావు, రెండు పక్కలా చేలు. దసరాకు స్వయంగా నడిచి, కర్రతో తట్టి చూసి మరీ ఖాయం చేశాను. ఈ ఎంపిక గొప్పతనం మీకు కాసేపట్లో తెలుస్తుంది.

శనివారం ఉదయం ఆరున్నరకు జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సూపర్ లగ్జరీ అయితే అరగంట ముందు దింపుతుంది కానీ మూడు వందల పైచిలుకు పెట్టాలి. ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ కార్డు చూపిస్తే తెలంగాణ ఆడవాళ్లకు సున్నా టికెట్. నా వయసుకు అరగంట పెద్ద లెక్క కాదు. కండక్టర్ టికెట్ చింపుతూ అడిగాడు: "గీ ఎండల ఆర్మూర్ల ఏం పనమ్మా? పెండ్లా?"

"కాదు. ఉరకనీకి పోతున్న."

అతను నా మోకాళ్ల వైపు, ఒళ్లో ఉన్న కర్ర వైపు చూశాడు. "జర మెల్లగ దిగుండ్రి" అని మాత్రం అన్నాడు. కామారెడ్డిలో పది నిమిషాలు ఆగింది. చాయ్ పదిహేను రూపాయలు, గ్లాసు చూస్తే పసిపిల్లలకు మందు పట్టే గిన్నె అంత. జక్రాన్‌పల్లి దాటుతుంటే సంచులు పేర్చిన ట్రాక్టర్లు మార్కెట్ వైపు వరస కట్టి కనిపించాయి. గాలిలో ఉడికిన పసుపు వాసన. సీజన్ బాగుందని సంతోషించాను. ఎంత చదువుకున్నా కొందరికి అంతే తోస్తుంది.

పదకొండుకు ఆర్మూరులో దిగి ఖాజా భాయ్ ఆటో ఎక్కాను. మా అమ్మాయి దవాఖానలో నర్సు, రోజూ అతని ఆటోలోనే డ్యూటీకి వెళ్తుంది. నేరుగా ఇంటికైతే నలభై, ముందు పరుగు దారి చూపించి తీసుకెళ్తే నూరు అన్నాడు. సరేనన్నాను. బడి దాటి రెండు మలుపులు తిరిగామో లేదో ఆటో ఆపేశాడు. ఎదురుగా రోడ్డు లేదు. ఆ చివర్నుంచి ఈ చివరికి, రెండు అంచుల నుంచి నడిమికి, కనుచూపు మేర పసుపు కొమ్ములే. ఒక్క మోటర్‌సైకిల్ పట్టేంత సందు మాత్రం వదిలారు.

"ఖాజా, ఇదేనా ఆ రోడ్డు?"

"గిదేనమ్మా. దసరాకు రోడ్డే. గిప్పుడు కళ్లం."

ముప్పై ఏళ్లు పిల్లల చేత పసుపు దుంప బొమ్మ వేయించి, భాగాలు గుర్తు పెట్టించినదాన్ని. ఆ దుంప ఏ నెలలో తవ్వుతారో, ఉడకబెట్టాక ఎక్కడ ఆరబోస్తారో మాత్రం తట్టలేదు. ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు వచ్చే ఆదివారమని పరుగు పెట్టుకున్నాం. ఆర్మూరు చుట్టుపక్కల తారు రోడ్డు కనిపించని రోజులు సరిగ్గా అవే.

తలకు తువ్వాల చుట్టుకుని కొమ్ములు తిరగేస్తున్న ఒకావిడ నన్ను చూసి చేతిలోని కర్ర ఆపింది. పేరు గంగామణి. ఆ రోడ్డు మీద సగం పసుపు ఆమెది, ఆమె మరుదులది.

"ఏందమ్మా గట్ల చూస్తున్నవు? పసుపు ఎన్నడు చూడలేదా?"

"చూశాను. పాఠం కూడా చెప్పాను. ఇలా రోడ్డు నిండా చూడలేదు."

"పాఠంల రోడ్డుండదు" అంది గంగామణి. నా సర్వీసంతటికీ అంత చిన్న సమీక్ష ఎవరూ రాయలేదు. రేపు అరవై మంది పిల్లలు ఇటుగా పరుగెత్తాలని చెప్పాను. "ఉరుకుతె ఉరుకనీ. నా కొమ్ము మీద ఒక్క కాలు వడ్డా వాళ్ల ఎనుక నేను గూడ ఉరుకుత. ఉడకబెట్టి నాలుగొద్దులాయె. గిప్పుడు తొక్కితె ఇరుగుతది, ఇరిగినదాన్ని మార్కెట్ల ఎవడు ముడతడు?"

ఎప్పుడైనా దారి ఖాళీ ఉంటుందా అని అడిగాను. పొద్దుగూకితే అంతా అంచులకు కుప్పలు చేసి పరదాలు కప్పుతారట. తెల్లారి మంచు ఆరాక, ఏడున్నరకు మళ్లీ పరుస్తారట. ఆ లోపు నడిమి బాట ఖాళీ. "గింతకు ఎందుకు ఉరుకుతున్నరు?" అంటే అడవి పసుపు సంగతి చెప్పాను. "గా అడవిది మనకేం పనికొస్తది?" అంది. రేపెప్పుడో పంటకు తెగులు తగిలితే, దాన్ని తట్టుకునే గుణం ఆ అడవి మొక్కల్లో వెతుక్కోవాల్సి రావచ్చని, అడవే పోతే వెతుక్కునే చోటు కూడా పోతుందని అన్నాను. గంగామణి కాసేపు కొమ్ములు తిరగేసింది. "పోయినేడు దుంపకుళ్లొచ్చి నాది అర్ధెకరం పోయింది" అంది కొమ్ముల వైపే చూస్తూ. తర్వాత తల ఎత్తింది. "ఏడున్నర. ఒక్క నిమిషం దాటినా పరుస్త, నడుమ నువ్వున్నా సరే."

ఇది సులువైన భాగం. కష్టమైనది బడిలో ఉంది. శ్రీనిధిని వెంటబెట్టుకుని ఒంటి గంటకు ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. బడి పేరు, ఆయన పేరు రాయను. గోడకు బ్యానర్ ఆనించి ఉంది. దాని మీద ముఖ్య అతిథి ముఖం పెద్దగా, అడవి చిన్నగా. పదింటి పరుగును ఆరింటికి జరుపుదామన్నాను.

"మేడం, చీఫ్ గెస్ట్ పదింటికి వస్తరు. ఆరింటికి ఎవరొస్తరు?"

"ఉరికేవాళ్లు వస్తారు."

"ఆయన జెండా ఊపకుండ రన్ ఎట్ల స్టార్ట్ చేస్తం?"

"కాళ్లతో."

ఆయనకు నవ్వు రాలేదు. పదింటికి రోడ్డంతా పసుపే ఉంటుందని చెప్పాను. అయితే మైదానంలోనే రెండు రౌండ్లు పెడదాం, ఆడపిల్లలు ప్లకార్డులు పట్టుకుని నిలబడితే ఫొటో మంచిగా వస్తుంది, లేదంటే వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. శ్రీనిధి ముందుకు జరిగి అంది: "వచ్చే ఏడు నాది టెన్త్ సార్. టెన్తోళ్లకు మీరు ఆటల పీరియడే తీసేస్తరు. రెండు రౌండ్లు ఉరికితె మూడు కిలోమీటర్లు అయితదా? మేం మాట తీసుకున్నది ఆ మూడు కిలోమీటర్లకే."

"గందుకే చెప్తున్న, ఇప్పటిసంది చదువు మీద పడు" అన్నాడాయన.

ఆ మాటతో నా మర్యాద అయిపోయింది. "రేపు ఆదివారం. పిల్లలు వాళ్ల అమ్మానాన్నల పిల్లలు. రోడ్డు మీద పరుగుకు మా అమ్మాయి ఠాణాలో కాగితం ఇచ్చి అనుమతి తీసుకుని వారమైంది. మీ బ్యానర్ మీరు పదింటికి కట్టుకోండి. మేం ఆరింటికి ఉరుకుతాం" అని లేచాను. మోకాలు పట్టేసి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ధిక్కారానికి అది అంత మంచిది కాదు, కానీ లేచాను.

సాయంత్రం దాకా శ్రీనిధీ నేనూ తల్లిదండ్రులందరికీ ఫోన్లు చేశాం. సగం మంది సరేనన్నారు. మిగతావాళ్లు "సార్ మనసుల పెట్టుకుంటడమ్మా, మార్కులు ఆయన చేతుల ఉంటయి" అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఆ మార్కుల భయం మీదే నేను కూడా ముప్పై ఏళ్లు తరగతిని నిశ్శబ్దంగా కూర్చోబెట్టాను.

ఆదివారం ఆరింటికి బడి గేటు బయట ఇరవై మూడు మంది ఉన్నారు. పది నిమిషాలు ఆగితే ఇరవై తొమ్మిది. శ్రీనిధి రోడ్డు వైపే చూస్తూ, "సగం గూడ రాలేదు అమ్మమ్మా" అంది. "నన్ను కూడా కలుపు, ముప్పై" అన్నాను. ముందు ఖాజా భాయ్ నీళ్ల క్యాన్లతో, వెనక నలుగురు తల్లులు స్కూటీల మీద. జెండా లేదు, మైకు లేదు. "ఉరకండి" అన్నాను. ఉరికారు.

నేను కర్రతో వెనక నడిచాను. రెండంచులా పరదాలు కప్పిన కుప్పలు, నడుమ నల్లటి రోడ్డు. పరదాల మీద మంచు నీళ్లు. పిల్లల బూట్ల చప్పుడు దూరమైపోయింది. సగం దారిలో వెనక నుంచి హారన్ వినిపించింది. ప్రిన్సిపాల్ కారు. నేను పక్కకు జరిగేలోపే కుప్పల మధ్యలోంచి గంగామణి లేచి కారుకు అడ్డం నిలబడింది.

"సారూ, బండి గీడనే."

"నేను ఈ పిల్లల ప్రిన్సిపాల్‌నమ్మా."

"చదువుకున్నోనివే గదా, కుప్పలు కనిపిస్తలేవా? టైరు పరదా మీదికెక్కితె ఏడాది కష్టం పిండైతది. దిగి నడువు."

దిగాడు. తోలు బూట్లతో చకచకా వచ్చి నన్ను కలుసుకున్నాడు. "మేడం, పిల్లలకేమన్న అయితె నా పేరొస్తది." అందులో అబద్ధం లేదు. "అందుకే కదా తల్లులు వెంట ఉన్నారు. మీరూ వచ్చారుగా, ఇంకా మంచిది, నడవండి" అన్నాను. మిగిలిన కిలోమీటరున్నర పక్కపక్కనే నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్లు మేం దాటిన చోటల్లా పరదాలు ఎత్తేస్తున్నారు. మా మడమల వెనకే రోడ్డు పచ్చబడుతూ వస్తోంది. ఆయన చేయి అందించాడు. నేను పట్టుకోలేదు. వంద గజాలు పోయాక పట్టుకున్నాను.

ఏడూ ఇరవై ఆరుకు పల్లె చేరాం. ఇరవై తొమ్మిది మందీ అప్పటికే అక్కడున్నారు. శ్రీనిధి అయిదోది. మోకాళ్ల మీద చేతులు పెట్టి ఒగరుస్తూ, "ఒక్క అడుగు గూడ నడవలే అమ్మమ్మా, మొత్తం ఉరికిన" అంది. గంగామణి ఇంటి నుంచి బిందెడు మజ్జిగ వచ్చింది.

మోటర్‌సైకిల్ సందు వెంట బడికి తిరిగి నడిచొచ్చిన పిల్లలు ఇంకా మైదానంలోనే ఉన్నారు. పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి పదకొండున్నరకు అక్కడికి వచ్చారు. మంచి మనిషే, ఆలస్యానికి క్షమించమని అడిగారు. ప్రిన్సిపాల్ పిల్లలను పిలిచి, ఇక్కడ్నుంచి గేటు దాకా ఒక్కసారి ఉరకండి, సార్ జెండా ఊపుతారు, ఫొటో తీయాలి అన్నాడు. శ్రీనిధి చేతులు కట్టుకుని నిలబడింది. "మేం ఉరికినం సార్. ఫొటో కోసం ఉరకం." అని కింద కూర్చుంది. దాని వెనక ఒకరి తర్వాత ఒకరు ఇరవై ఎనిమిది మంది కూర్చున్నారు. ప్రిన్సిపాల్ కూడా సగం దారి నడిచినవాడే కాబట్టి శ్రీనిధి జరిగి ఆయనకు చోటు చూపించింది. ఆయన కూర్చోలేదు. కోప్పడనూ లేదు. అతిథి ఎవరూ ఉరకని మైదానం వైపు జెండా ఊపారు, ఫొటోగ్రాఫర్ తీశాడు.

ఇరవై తొమ్మిది మంది మూడు కిలోమీటర్లు ఉరికితే అడవి నిలబడిపోతుందని నేను చెప్పను. బాటనీ చదివినదాన్ని, లెక్క తెలుసు. చేరే డబ్బుతో ఒక వాలు మీద కొన్ని మొక్కలు లేస్తాయి, వాటిలో కొన్నే బతుకుతాయి. కానీ తిరుగు బస్సులో నాకు అడవి కన్నా ఆ మైదానమే ఎక్కువ గుర్తొచ్చింది. ఉరికిన పిల్లలు ఉరికినట్టు నటించమంటే ఒప్పుకోలేదు. నా ముప్పై ఏళ్ల తరగతుల్లో అలా కూర్చున్న బెంచీ ఒక్కటీ లేదు. ఉండి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలుసు, బయట నిలబెట్టేదాన్ని. పొరపాటు అక్కడ పిల్లలది కాదని ఒప్పుకోవడానికి ఈ వయసులో ఆర్మూరు దాకా బస్సెక్కాల్సి వచ్చింది.

మీరూ ఇలాంటి పరుగో నడకో పెట్టుకుంటే ఒక్క సలహా: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆర్మూరు, బాల్కొండ, మాక్లూర్ వైపు పల్లె రోడ్లను వారం ముందు అదే గంటకు వెళ్లి చూసుకోండి, పసుపు ఆరబోసేవాళ్లను అడిగి టైం పెట్టుకోండి, ఏడున్నరలోపు రోడ్డు ఖాళీ చేయండి.