రేపు రమ్మనని టైలరు

ఏలూరులో ‘రేపు రండి’ అనని టైలరు ఆయనొక్కరే. ఎవరు గుడ్డ తెచ్చినా “కూర్చోండి, ఇప్పుడే కుట్టిస్తానండీ” అనేవారు. వీలుకాకపోతే తిరిగి ఇచ్చేసేవారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకొస్తున్న రోజులు. చనిపోయిన మా ఊరి రాక్ గాయకుడి మీద పుస్తకం రాస్తానని అప్పటికి ఆరేళ్లుగా అందరికీ రేపు రేపంటున్నాను. కుట్టుపని వచ్చుంటే బాగా రాణించేవాణ్ణి.

ఈలోగా ఆ గాయకుడి జీవితాన్ని సినిమాగా తీసేవాళ్లు రానే వచ్చారు. ఆయన స్టేజి మీద వేసుకునే ఎర్రకోటు ఈ టైలరు దగ్గరుందని తెలిసి, ఆ వేషం వేసే నటుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. తోకలా నేనూ వెళ్లాను. కోటు నటుడికి బిగుతైంది.

“కాస్త వదులు చేస్తారా సాయిబుగారూ?” అన్నాడు డైరెక్టరు.

ఆయన మెడలో టేపు సవరించుకున్నారు.

“ఆయనా అదే అడిగారండీ. గూడెంలో ప్రోగ్రాం ఉంది, ఒళ్లు చేశాను, వదులు చెయ్యండన్నారు. పెళ్లిళ్ల సీజను కదండీ, రేపు రమ్మన్నాను. తెల్లారేసరికి ఆయన లేరు. మళ్లీ ఆ కోటు ముట్టుకోలేదండీ.”

“పోనీ వద్దులెండి” అన్నాను.

“కూర్చోండి” అన్నారాయన.

కుట్లు విప్పితే, లోపల మడిచిన గుడ్డ ఇంకా కొత్తగా, ఎర్రగా ఉంది. గంటలో పని ముగించారు. తనే నటుడికి కోటు తొడిగి, గుండీలు పెట్టి, భుజాలు సరిచేసి, అతని ముఖంలోకి చూశారు.

“ఆలస్యమైందండీ. ఏమీ అనుకోకండి.”