కొత్తూరు గొంతు కోసం ఆగిన పాట

మొన్న ఆదివారం మా శంషాబాద్ చర్చిలో కొత్త లైవ్ పెట్టె బిగించారు. అరచేతంత పెట్టె అది. దానికి నాలుగు కెమెరాల తీగలు తగిలించి, బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి ఒక మీట నొక్కగానే బొమ్మా పాటా కలిసి అందరి ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. అప్పుడు పాస్టరు అయ్యగారు నన్ను లేపి నిలబెట్టి, కరోనా ఏడాదిలో చెదిరిపోయిన మన క్వయర్‌ను మళ్ళీ ఒక్క పాటగా కలిపింది ఈ అన్నే అని చెబితే, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను గాని, ఆ మాటలో నిజం సగమే. మిగతా సగం ఇన్నాళ్ళూ నా నోట రాలేదు. ఆ లాక్‌డౌన్ రోజులు నాలాగే గడిపిన మీకైనా చెప్పుకోవాలి.

అప్పటికి నాకు శంషాబాద్‌లో సీసీ కెమెరాల దుకాణం ఉండేది. కొత్తూరు ఫ్యాక్టరీల గేట్లకూ గోదాములకూ కెమెరాలు బిగించి, వాటి బొమ్మలను ఓనర్ల ఇళ్ళకు పంపడం నా పని. పెద్ద యంత్రాలు కొనే స్తోమత లేక, ఉచితంగా దొరికే ఒక వీడియో సాఫ్ట్‌వేర్‌ను పట్టుకున్నాను. దానికి నొక్కడానికి బొత్తాలు లేవు. నల్లటి తెర మీద పొడుగాటి ఆదేశం ఒకటి టైపు చెయ్యాలి: ఈ కెమెరాను తీసుకో, ఆ కెమెరాను దీని పక్కన పెట్టు, సైజు తగ్గించు, ధ్వనులు కలుపు, ఫలానా చోటికి పంపు అని. ఒక్క చుక్క తప్పినా అది కదలదు. నాలుగైదు వరుసలు పట్టే ఆ ఆదేశాన్ని చూడకుండా కొట్టగలిగేవాణ్ణి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా చర్చి క్వయర్‌ను నడిపించింది మా బాపు. గుండె ఆపరేషన్ అయి దవాఖాన నుంచి జల్‌పల్లిలోని మా కిరాయి ఇంటికి వచ్చీ రాగానే లాక్‌డౌన్ పడింది. చర్చికి తాళం పడింది, పాడేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. బాపు మాట తగ్గించాడు. మందు బిళ్ళ చేతిలో పెడితే, ఇగ నాతోని ఎవరికి పనున్నది అంటూ పక్కన పెట్టేసేవాడు. డాక్టరు ఫోన్లో నన్ను కోప్పడేవాడు. బాపును మళ్ళీ మనిషిని చెయ్యాలంటే క్వయర్‌ను ఆయన గదిలోకి తేవడం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

నా ఏర్పాటు ఇదీ: చర్చి వెనకే ఇల్లు గనక మా అక్క చర్చి హార్మోనియం ఇంటికి తెచ్చుకుని దాని ముందు కూర్చుంటుంది. ఆ వాయింపును ఇంకో ఫోన్లో వింటూ తొండుపల్లిలో చిన్నాన్న కుటుంబం ఢోలక్‌తో పాడుతుంది, కొత్తూరులో మా మేనబావ కింది స్వరం పాడతాడు. మూడు చోట్ల మూడు ఫోన్ల కెమెరాలు. అవన్నీ జల్‌పల్లిలో నా పాత కంప్యూటర్‌కు వస్తే, కలిపి బాపు గదిలోని టీవీకీ, సంఘంలో అందరి ఫోన్లకూ పంపాలి. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కో ఇంటి పాట ఒక్కో ఆలస్యంతో వచ్చేది. మూడింటినీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పరచాలంటే మూడింట్లోనూ వినబడే గుర్తు ఒకటి కావాలి.

ఆ గుర్తు నాకు ఆకాశంలో దొరికింది. లాక్‌డౌన్‌లోనూ శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి సరుకుల విమానాలు లేస్తూనే ఉండేవి, ఆ మోత మూడు చోట్లా వినబడేది. పాట మొదలుకాకముందు ఒక విమానం పోయేదాకా కాచుకుని, మూడు ధ్వనుల్లోనూ ఆ మోత ఒక్కసారి వినబడేలా జరిపి, నా తెలివికి నేనే మురిసిపోయాను. పాట మొదలైంది. హార్మోనియం రెండో చరణంలో ఉంటే ఢోలక్ పల్లవిలో ఉంది, బావ ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి.

బాపు కాసేపు విన్నాడు. "ఏందిరా ఇది, పాటనా, అంగడి లొల్లినా? బంద్ జెయ్" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఏం చేశానంటే, ఫోన్ చేసిన వాళ్ళందరికీ కొత్తూరు లైన్ బాగాలేదని, బావ ఫోన్ పాతదని చెప్పాను. సిగ్నల్ కోసం ఎండలో మిద్దె మీద నిలబడి పాడిన మనిషి ఆయన. ఆ మాట తన దాకా వచ్చాక, నాతోని పాట ఖరాబయితున్నదంటే నేను పాడ తీయ్ అని మానుకున్నాడు. బావ లేకపోతే క్వయర్‌కు అడుగు లేనట్టే.

మర్నాడు అక్క ఫోన్ చేసి, అసలు ఎట్ల కలుపుతున్నవురా అని నిలదీసింది. విమానం సంగతి గొప్పగా చెప్పాను. అవతల ఆమెకు నవ్వు ఆగలేదు.

"అరే, విమానం అందరి ఇండ్ల మీదికెళ్లి ఒక్కపారే పోతదారా? తొండుపల్లిల లేసి అది కొత్తూరు దిక్కు పోయేసరికి చిన్నాన్న చాయ్ తాగుడు గూడ అయిపోతది!"

తర్వాత ఆమే దారి చెప్పింది. "నేను మొదటి స్వరం పట్టంగనే ఎక్కడోళ్లు అక్కడ ఒక చప్పట కొట్టుండ్రి. నువ్వు గా చప్పట్లను ఒకదాని మీద ఒకటి పెట్టు. ఎనకబడ్డోళ్ల కోసం ముంగటోళ్లను ఆపు. బాపు గట్లనే చేస్తడు గదా, ముసలోళ్ల రాగం అయిపోయేదాక తాళం ఆపుతడు."

కొత్తూరుకు ఫోన్ చేసి, లైన్ బాగైంది, రా బావా అన్నాను. తప్పు నాదని అనలేదు.

తర్వాతి ఆదివారం మూడు చప్పట్లు మూడు వేళల్లో వచ్చాయి. అన్నిటికన్నా వెనక వచ్చింది కొత్తూరుదే. దాని కోసం అక్క హార్మోనియాన్నీ తొండుపల్లినీ ఎంతెంతసేపు ఆపాలో లెక్కగట్టి ఆదేశంలో రాసి మీట నొక్కాను. బావ గొంతు అక్క గొంతు కిందికి వచ్చి చేరింది, ఢోలక్ రెండింటినీ మోసింది. పక్క గదిలో మంచం పట్టె మీద బాపు వేళ్ళు తాళం వేయడం వినబడింది. పాట సగంలో కేక వేశాడు: "తొండుపల్లోళ్లు ఉరుకుతున్నరు, జర మెల్లగ పాడుమని చెప్పు!"

ఆయన తప్పు పట్టింది పాడేవాళ్ళను, నా యంత్రాన్ని కాదు. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద మెప్పు రాలేదు. పాట అయ్యాక ఫోన్ లాక్కుని చిన్నాన్నను చీవాట్లు పెట్టి, వచ్చే వారం ఏ కీర్తనో కూడా చెప్పి, నా మందులేవిరా అని అడిగాడు.

చర్చి తెరిచాక సన్మానం చేసి శాలువా నాకు కప్పారు. అక్కా బావా ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ పొడుగాటి ఆదేశం రాసిన పేరు నాదే, అది ఎవరికీ ఇవ్వను. కానీ పాట కలిసింది మా అక్క బుద్ధితో, అంతకుముందు చెడింది నా విమానంతో. ఈనాటికీ మా చుట్టాల్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే 'కొత్తూరు లైన్' అని వెక్కిరిస్తారు, బావ కూడా కలిసి నవ్వుతాడు. ఆయన లైన్‌లో ఏ లోపమూ లేదు. అందరికన్నా కాస్త వెనక చేరేది, అంతే.

బాపు ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లు క్వయర్ ముందు నిలబడి, మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు లైవ్ ఎంతమంది చూస్తారో తెర మీదే అంకె కనబడుతుంది. బొమ్మ అద్దంలా ఉంటుంది, ధ్వని ఎక్కడా తెగదు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు చేతులు జోడించిన బొమ్మలు పంపుతారు. పాట మాత్రం చర్చి నుంచి ఇళ్ళకు వెళ్ళడమే. ఏ ఇంటి నుంచీ తిరిగి రాదు.