ఆయన కంప్యూటర్‌తో వచ్చిన డిస్కు

పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కాచి, ఒకటి ముందు గదిలో ఆయన కంప్యూటర్ పక్కన పెట్టేదాన్ని. ఇప్పుడు ఒకటే కాస్తున్నాను.

ఆ ముందు గదే డుంబ్రిగుడలో మా ఆయన ఎజ్రా నడిపిన జిరాక్సు కొట్టు. సంత రోజున కొండ దిగి వచ్చిన ముసలివాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల భాషలో పాటలు పాడించి కంప్యూటర్‌లో దాచేవారు. "ఇంకోపాలి పాడు తాతా" అనే ఆయన గొంతు కూడా అందులోనే ఉంది. మలేరియాతో ఆయన పోయిన నెలలోనే అదీ పాడైంది. ఆన్ చేస్తే కంపెనీ పేరు దగ్గరే ఆగిపోతోంది.

కొట్టు మళ్లీ నడవాలని మరిది విల్సన్ విశాఖలో ఎవరో వాడేసిన కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. అందులో విండోస్ లేదు. ఆయన కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ డిస్కు పెడితే, ఇది మా కంపెనీ మిషను కాదని ఎక్కనంది.

"మా అన్న పొగరే దీనికీ వచ్చింది వదినా. పరాయి గుమ్మం తొక్కనంతంది," అన్నాడు విల్సన్.

నాకు నవ్వు రాలేదు.

అదే డిస్కు ఆయన కంప్యూటర్‌లో పెడితే వెంటనే తీసుకుంది. లోపలున్నదంతా చెరిపేసి కొత్తగా ఎక్కించాలా అని తెర మీద అడిగింది.

"మరి పాటలో?" అన్నాను.

"పోతాయి. ఏటి సేత్తాం, కొట్టు తెరవాలి కదా. నువ్వు సరే అని నొక్కీ, నేను టీ తాగొత్తాను."

మౌసు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నొక్కలేదు. ప్లగ్గు పీకేసి వంటింట్లోకి వచ్చేశాను.