బావ పిలుస్తాడనుకున్న ఏడాది

పోయిన వారం మా మేనకోడలు నన్ను మళ్ళీ ఫ్యామిలీ గ్రూపులో చేర్చింది. కొత్త ఫోన్ కొనుక్కుని నంబర్లన్నీ సర్దుకుంటుంటే, అందరూ ఉన్నారు గానీ మామ లేడేమిటని అప్పుడు గమనించిందట. నేను అందులోంచి బయటపడి ఏళ్ళు గడిచిపోయాయి. లోపలికి వెళ్ళి చూస్తే పొద్దుటి పూల బొమ్మలు, పండగ దీపాల బొమ్మలు, ఎవరి పిల్లదో పుట్టినరోజు కేకు, వాటన్నిటి కిందా మా బావ పెట్టిన దండం గుర్తు. ఎవరో ఒక నాయకుణ్ణి ఆకాశానికెత్తుతూ వీడియో పెట్టారు, దాని కింద బావ దండం. ఇంకెవరో అదే నాయకుణ్ణి తిడుతూ ఇంకోటి పెట్టారు, దాని కిందా దండమే. ఒకప్పుడు ఇదే గ్రూపులో మా బావ నోటి మెసేజీ పెడితే, ఫోన్ చెవి దగ్గర పెట్టుకోకుండానే వీధి చివరిదాకా వినపడేది. చాలాసేపు పైకీ కిందికీ తిప్పుతూ కూర్చున్నాను. ఎక్కడా ఒక్క తిట్టు లేదు.

నేను దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం సూరత్ వచ్చి, ఆ పని ఒంటికి పడక, అదే ఊళ్ళోని లింబాయత్‌లో ఒక చిన్న దుకాణం పెట్టుకున్నాడు. చీరలకు లేసులు, ఫాల్స్, దారపు రీళ్ళు, గుండీలు. అటు పక్క సింధీ ఆయన, ఇటు పక్క గుజరాతీ కాకా, ఎదురుగా మార్వాడీ సేఠ్. నాకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది. మా నాన్న చెప్పిన పద్ధతి చాలా సులువు. వస్తువు నచ్చినట్టు కనపడకు. సగానికి అడుగు. కుదరకపోతే పక్కన పెట్టి మెట్లు దిగు. దిగాక వెనక్కి చూడకుండా నడువు, కానీ నిదానంగా నడువు. పదడుగుల లోపల పిలుస్తారు. ముందు పిలిచినవాడు ఓడినట్టు.

ఈ విద్య నాకు మరీ ఎక్కువ వంటబట్టింది. తలమీద జుట్టు సగమైన రోజు నుంచి సెలూన్‌లో సగమే ఇస్తానని వాదిస్తున్నాను. ఉన్నవాటిని వెతికి పట్టుకోవడానికి ఎక్కువ టైం పడుతోందని అతను ఎక్కువ అడుగుతున్నాడు. మోకాలి నొప్పి తగ్గితే మా మార్కండేయ స్వామి గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నాను. నొప్పి తగ్గాక, అన్ని చేస్తే మళ్ళీ పట్టుకుంటుంది కదా స్వామీ అని ఇరవై ఏడుకు దింపాను. ఆయన ఏమీ అనలేదు. ఎదుటివాడు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్కేయడం మా వ్యాపారంలో మామూలు.

మా బావ, అంటే మా అక్క భర్త, ఇందులో ఒక్క ముక్క తెలియని మనిషి. పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరి నుంచి వచ్చి పవర్‌లూమ్ షెడ్డులో చేరి, మాస్టర్ అయ్యాడు. మగ్గం మొరాయిస్తే దాని పక్కన నిలబడి కళ్ళు మూసుకుని వినేవాడు, ఎక్కడ చెడిందో వేలు పెట్టి చూపించేవాడు. వందల మగ్గాల మధ్య ఒకదాని దగ్గు వినపడేది ఆయనకు; ఇంట్లో మా అక్క మూడుసార్లు అన్నానికి పిలిస్తే వినపడేది కాదు. అందుకే గట్టిగా మాట్లాడేవాడు. కూరలవాడు ఎంత చెబితే అంత ఇచ్చేవాడు. "వాడు పొద్దుగాల నుంచి ఎండల నిలబడ్డడురా బామ్మర్ది, నువ్వు గుంజుడేంది" అని నన్నే కసిరేవాడు.

సోమవారం సోమవారం గుడిలో భజన ఆయనదే. సినిమా పాటల వరసల్లోకి దేవుడి మాటలు దూర్చడం ఆయన ప్రత్యేకత. వానలో తడిసిన హీరోయిన్ పాట వచ్చే సోమవారానికల్లా అభిషేకం పాట అయిపోయేది. పెద్దవాళ్ళు అభ్యంతరం చెబితే, ఇరవై నాలుగు గంటలూ ఒకే వరస వింటే స్వామికి మాత్రం విసుగు రాదా అని అడిగేవాడు. మగ్గం చప్పుడు ఒంట్లో ఇంకిపోయినందువల్లనేమో, తాళం మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు. నాకు హార్మోనియం ఇచ్చి చూశారు, తర్వాత తాళాలు ఇచ్చి చూశారు, చివరికి ప్రసాదం పంచే పని ఇచ్చారు. అందులో నేను రాణించాను.

కలలు కూడా ఆయనవి సినిమాల్లాగే ఉండేవి. ఇంటర్వెల్‌తో సహా చెప్పేవాడు. ఒక కలలో మగ్గాలన్నీ వాటంతట అవే నడుస్తూ, మనుషులు చెట్లకింద పడుకున్నారట. అది మంచి కల అని ఆయన, ఉద్యోగాలు పోయే కల అని నేను. ఆదివారం పొద్దున ఎక్కడైనా పాత హాల్లో తెలుగు సినిమా ఒక ఆట వేస్తే, జనాన్ని పోగుచేయడం ఆయన వంతు, మేనేజరుతో బేరం నా వంతు. హాల్లో పాట మొదలయ్యే ముందే ఆయన అందుకునేవాడు. బయటికొచ్చి, ఆవిరి మీద సగం చెదిరినట్టు ఉడికే శనగపిండి లోచో ప్లేటు ముందు పెట్టుకుని మొదలుపెట్టేవాళ్ళం. హీరో చనిపోతే సినిమా ఎందుకని ఆయన. చనిపోకపోతే నమ్మేదెలా అని నేను. అక్కడి నుంచి రాజకీయాలు. ఆయనకు ఒక నాయకుడంటే ప్రాణం, నాకు ఆ పేరు వింటేనే మంట. ఎవరో ఇక్కడ రాయను, రాస్తే మీరూ ఏదో ఒక పక్క చేరిపోతారు.

ఒకసారి దేవుడి మీదకు పోయింది వాదన. మా కులదైవం మార్కండేయుడు సాక్షాత్తూ యముడితోనే బేరమాడి గెలిచాడు కదా, నేను ప్రదక్షిణలు తగ్గిస్తే తప్పేమిటన్నాను. బావ తినడం ఆపాడు.

"అది బేరం గాదురా. బేరమాడెటోడైతే లింగాన్ని ఇడిసిపెట్టి రెండడుగులు ఎనక్కి ఏస్తుండె. ఆయన ఇడువలే. గంతే."

నేను నవ్వేసి ఆఖరి ముక్క నోట్లో వేసుకున్నాను. గెలిచాననే అనుకున్నాను.

లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆయన కోసాడ్‌లోని క్వార్టర్లలో ఉండేవాడు, నేను లింబాయత్‌లో. మధ్యలో తాపీ నది, దాని వంతెన మీద పోలీసులు. మగ్గాలు ఆగిపోయాయి. చప్పుడు లేక బావకు నిద్ర పట్టడం లేదని అక్క చెప్పింది. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని, మూటలు నెత్తిన పెట్టుకుని పోతున్న ఒడియా, బిహారీ మగ్గం కారీగర్లను చూస్తున్నాడని చెప్పింది. లాక్‌డౌన్‌కు ముందటి ఆదివారం, అందరూ పళ్ళేలు మోగించాలన్న రోజు, ఆయన గుడి నుంచి తెచ్చుకున్న భజన తాళాలతో బాల్కనీలో నిలబడి వాయించాడు. మేనకోడలు వీడియో తీసి గ్రూపులో పెట్టింది. కళ్ళు మూసుకుని, చెడిన మగ్గాన్ని వింటున్నప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

నేను దుకాణం మూసుకుని ఇంట్లో ఈగలు తోలుకుంటున్నాను. నోరు ఊరుకోలేదు. 'రోగం పారిపోయిందా బావా, లేక నీ తాళం విని ఇక్కడే స్థిరపడిపోయిందా' అని రాశాను. చుట్టాలందరూ నవ్వు గుర్తులు పెట్టారు. ఆ నవ్వులు చూసి ఇంకో రెండు రాశాను, ఆయన నాయకుణ్ణీ ఆయన భజననూ ఒకే తాడుకు కట్టి. గంటసేపటికి బావ నోటి మెసేజీ వచ్చింది. మొదటిసారి ఆయన గొంతు మెల్లగా ఉంది.

"దేవునితోనే బేరమాడెటోనివి. నీకేం దెలుస్తదిరా భక్తి."

అది నిజం కాబట్టి తగిలింది. నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఇప్పుడు దాచడమెందుకు, కోపంతో వచ్చింది సగమే. మిగతా సగం లెక్క. మెట్లు దిగాను. నిదానంగా నడుస్తున్నాను. పదడుగుల లోపల బావ పిలుస్తాడు.

అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. బావ దుకాణాలలో పెరిగినవాడు కాడు. షెడ్డులో మనిషి మగ్గం వదిలి బయటికి నడిచాడంటే పని మానేశాడని అర్థం. వెనకాల వెళ్ళి ఎవరూ పిలవరు, అది అతని ఇష్టం, అతని మర్యాద. నేను పోయానంటే పోయాననే అనుకున్నాడాయన.

నెలలు గడిచాయి. సడలింపులు వచ్చాయి, వంతెన తెరిచారు, మగ్గాలు తిరిగాయి. రాఖీకి అక్క ఒక్కతే వచ్చింది. కింద ఆటోలో బావ ఉన్నాడేమోనని బాల్కనీలోంచి రెండుసార్లు చూసి, చూడనట్టు లోపలికొచ్చాను. ఒక్కసారి ఫోన్ చెయ్యరా అంది అక్క. ఆయన చెయ్యనీ అన్నాను. ఆమె రాఖీ కడుతూ కడుతూ ఆగింది.

"మీ ఇద్దరి నడుమ నేను దలాల్‌నారా తమ్మీ? ఆయన ఆదివారం ఆదివారం చొక్కా తొడుక్కొని కూసుంటడు. యాడికీ పోడు. మళ్ల ఇడిసేస్తడు."

ఆ మాటకు నాకు లోపల సంతోషం కలిగింది. సిగ్గుపడవలసిన విషయమే గానీ రాయకుండా ఎలా. సరుకు కదులుతోంది, ఇంకొంచెం ఆగితే పిలుస్తాడు అనుకున్నాను. చొక్కా తొడుక్కుని కూర్చున్న మనిషిని తలచుకుని, అప్పటికప్పుడు వంతెన దాటాల్సినవాణ్ణి, ధర దిగుతోందని లెక్కేసుకున్నాను.

మరుసటి ఏడు వేసవిలో, రెండోసారి రోగం ఊరి మీద పడ్డప్పుడు, ఒక మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసి, నాన్నకు ఊపిరి ఆడటం లేదు మామా అంది. ఆ మూడు రోజులు నేనేం చేశానో వరసగా గుర్తులేదు. మంచం కోసం, ఆక్సిజన్ కోసం ఎవరెవరి కాళ్ళో పట్టుకున్నాను. ఎవరేమడిగితే దానికి సరేనన్నాను. స్వామికి మళ్ళీ నూట ఎనిమిది మొక్కాను, తగ్గించనని ఒట్టు కూడా పెట్టుకున్నాను. లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. ఒక నర్సమ్మ దయతలచి తన ఫోన్‌లోంచి మేనకోడలికి వీడియో కాల్ చేసింది. మాస్కు వెనక బావ. అక్క మాట్లాడింది, మేనకోడలు మాట్లాడింది. ఫోన్ నా చేతికొచ్చింది. బావా అన్నాను. ఆయన చెయ్యి కొంచెం ఎత్తాడు. ఏడాదిగా కూర్చుకున్న వాక్యాలు చాలా ఉన్నాయి, ఇంటికి రానీ, తీరిగ్గా లోచో తింటూ అన్నీ తేల్చుకుందాం అనుకున్నాను. ఫోన్ వెనక్కిచ్చేశాను.

ఆయన ఇంటికొచ్చాడు. వచ్చారని చెప్పుకునే అదృష్టం చాలా ఇళ్ళకు లేకపోయింది, ఆ సంగతి మరిచిపోయి రాయడం లేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, రెండు చరణాలకు మించి పాడలేడు, షెడ్డు మానేశాడు. నేను నూట ఎనిమిదీ పూర్తిచేసి, ఒక ఆదివారం పొద్దున లోచో కట్టించుకుని కోసాడ్ వెళ్ళాను. అక్క ప్లేట్లలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. థియేటర్లు మళ్ళీ తెరుస్తారట, ఒక కొత్త సినిమాలో హీరో చనిపోతాడట, అదే బాగుంటుంది బావా అన్నాను. బాగుంటది అన్నాడు. రాజకీయం ఎత్తాను. నువ్వన్నదే నిజం గావచ్చు అన్నాడు. చివరికి నా జన్మలో మొదటిసారి ఆయన నాయకుణ్ణి నేనే పొగిడాను, అప్పుడైనా తిరగబడతాడని. అట్ల గూడ అనుకోవచ్చు అన్నాడు. బేరమాడని గిరాకీని చూస్తే మా నాన్న ముఖం ఎందుకు చిన్నబోయేదో అప్పుడు తెలిసింది. అలాంటివాడు మళ్ళీ రాడు.

నా మీద ఇంకా కోపంగా ఉందా బావా అని అడిగేశాను. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"కోపం యాడిదిరా బామ్మర్ది. గా ఏడాదంతా నీతోని రోజూ కొట్లాడిన. మనసుల. సినిమాలు, దేవుడు, ఓట్లు, అన్నీ. నేనొకటంటి, నువ్వొకటంటివి. దవాఖానల గూడ అదే పని. అన్నీ అయిపోయినయ్. ఇప్పుడు జెప్పనీకి ఏం మిగల్లే."

"మరి అందులో నేను ఎప్పుడన్నా గెలిచిన్నా?" అన్నాను.

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నన్ను నొప్పించకూడదని.

"యాదికి లేదురా" అన్నాడు. ప్లేటులోది నా వైపు జరిపి, తిను, సల్లారిపోతది అన్నాడు.

నేను ఆపి ఉంచానని అనుకున్న ఆ ఏడాది ఆగలేదు. కోసాడ్‌లో ఒక కిటికీ పక్కన, నా వంతు మాటలు కూడా ఆయనే ఆడుకుంటుండగా, నేను లేకుండానే పూర్తిగా గడిచిపోయింది.