రెండో గరిటె చట్నీ

బజారు ధరలు సేకరించే నా ఉద్యోగంలో మొదటి నియమం బేరం ఆడకూడదు. ఆ దారిన పోయే మామూలు మనిషి కొనుక్కుంటే ఎంత ఇస్తాడో అంత అడిగి ట్యాబ్‌లో ఎక్కించాలి. రెండో నియమం, పోయిన నెల ఏ దుకాణంలో ఏ సరుకు అడిగానో ఈ నెలా అక్కడే, అదే సరుకు అడగాలి. అదే రకం బియ్యం, అదే సైజు సబ్బు, అదే బడ్డీలో అదే టీ. సరుకు మారితే మారిందని రాయాలి. దుకాణం మూసేస్తే మూసేశారని రాసి, దాని బదులు దగ్గర్లో అలాంటిదే ఇంకోటి ఎంచుకోవాలి. అమలాపురం బజారు నా పరిధి. కాంట్రాక్టు పని. యంత్రాల కొలతలు చదువుకుని వచ్చినవాడికి ఇందులో కష్టమేమీ లేదు.

నేను ఎక్కించిన ధరలన్నీ పైకి వెళతాయి. ఆహారం, బట్టలు, ఇంటద్దె, వైద్యం, చదువు, ప్రయాణం, ఒక్కోదానికి ఒక్కో బరువు కట్టి కలుపుతారు. చివరికి ధరలు ఎంత పెరిగాయో చెప్పే ఒక అంకె మిగులుతుంది. అది పేపర్లో పడుతుంది. కొన్నాళ్లకి అదే పేపర్లో మా అమ్మ టిఫిన్ పార్సిల్ కట్టేది.

అమ్మ హోటలు ఓడలరేవు రోడ్డులో, మా ఇంటి ముందరి వసారాలోనే ఉండేది. రెండు బల్లలు, ఒక పొయ్యి. పొట్టిక్కలు వేసేది. పనసాకులు నాలుగు కలిపి బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీకి లేని ఆకు వాసన ఉంటుంది దానికి. తెల్లవారగానే తినడానికి వచ్చేవాళ్లు మూడు రకాలు. గ్యాస్ ప్లాంటులో మొదటి షిఫ్టుకి వెళ్లే కాంట్రాక్టు కూలీలు, ఆటోవాళ్లు, కొబ్బరి తోటలున్న రైతులు. ముగ్గురికీ ఒకటే ప్లేటు, ఒకటే రేటు. చట్నీకి మాత్రం లెక్క ఉండేది కాదు. మొదటి గరిటె ప్లేటుతో వస్తుంది. రెండో గరిటె అడిగించుకోకుండా వెయ్యాలి. మూడోది అడిగితే వెయ్యాలి. మా వైపు ఏ హోటల్లోనైనా అంతే. ఇంత కొబ్బరి పండే చోట చట్నీ కొలిచి పోశారంటే ఇక ఆ పొయ్యి మీద వండింది తిననక్కర్లేదని అర్థం.

మాకు పెరట్లో పదకొండు చెట్లుండేవి. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ పెరడు అమ్మేశాం. కొన్నది పక్కింటి మావయ్యగారు, కొబ్బరి రైతు. బంధువు కారు. నాన్నతో కలిసి చదువుకున్నారు, అమ్మని చెల్లెమ్మా అంటారు. ఆ రోజుల్లో అందరూ తగ్గించి అడిగితే ఆయన ఒక్కరే తగ్గించలేదు. నాన్న పోయారు. పెరటికీ మాకూ మధ్య గోడ లేచింది. గాలి వేసినప్పుడు ఆ చెట్ల మట్టలు ఇప్పటికీ మా వైపే పడతాయి.

అప్పటినుంచి కొబ్బరి కొనాల్సి వచ్చింది. కోనసీమలో కొబ్బరికాయ కొనుక్కోవడమంటే ఇంట్లో ఏదో అయిపోయిందని ఊరికి చెప్పుకోవడమే. అందుకని అమలాపురంలో నేను ధర అడిగే కొబ్బరి కొట్టులోనే కాయలు కొని, గోనెసంచిలో కట్టి, బండి వెనక పెట్టుకుని వచ్చేవాణ్ణి. ఒలిచిన కాయలైతే బరువు తక్కువ, సంచిలో ఎక్కువ పడతాయి. అమ్మ ఒప్పుకోలేదు.

"ఒలవనివే తేరా."

"ఎందుకమ్మా? పీచు మోసుకురావడం దేనికి?"

"పొయ్యి పక్కన డొక్కలు కనపడాలి."

ఒలిచిన పీచు డొక్కలు పొయ్యి పక్కన కుప్పగా ఉంటే కాయలు పెరట్లోంచి వచ్చినట్టుంటుంది. పెరడు అమ్మేశామని ఊళ్లో అందరికీ తెలుసు. గోడ కట్టిన మేస్త్రీ కూడా రోజూ మా దగ్గరే తినేవాడు. అయినా తెలిసినట్టు ఎవరూ కనపడేవారు కాదు. వాళ్లు డొక్కల వైపు చూసేవారు, అమ్మ చట్నీ పోసేది. రెండేళ్లు అలా గడిచాయి. వారానికోసారి నేను కొబ్బరి తోటల మధ్య నుంచి కొబ్బరికాయలు మోసుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి.

తరవాత కొబ్బరి ధర పెరగడం మొదలైంది. ఒక నెల పెరిగి ఆగిపోలేదు. మినప్పప్పు, నూనె, గ్యాసు ఒక నెల పైకి, ఒక నెల కిందికి ఊగుతూ ఉండేవి. కొబ్బరి మాత్రం పైకే వెళ్లింది. మార్పు మరీ ఎక్కువగా ఉంటే ట్యాబ్‌లో ఎర్ర గుర్తు వచ్చి, నిజమేనా అని అడుగుతుంది. నిజమే అని నొక్కాలి. వరసగా కొన్ని నెలలు నొక్కాను.

హోటల్లో ఆ రోజుల్లో మాటలన్నీ దాని గురించే. నేను ప్లేటు పట్టుకుని కూర్చోగానే, రోజూ వచ్చే ఆటో అన్న మొదలుపెట్టేవాడు.

"వచ్చేడండీ రేట్ల బాబు. ఈ నెల ఏం పెంచేవు నాయనా?"

"నేను పెంచడం లేదండీ. రాసుకుంటున్నాను, అంతే."

"నువ్వు రాసుకోబట్టే పెరుగుతున్నాయి. ఒక్క నెల మానేసి చూడు, ఎక్కడివక్కడ ఆగిపోతాయి."

మావయ్యగారు నవ్వారు. "మిగతావన్నీ మానెయ్యమను. కొబ్బరి మాత్రం రాయమను. ఎన్నాళ్లకి మా మొహం చూసింది."

"మీ మొహం చూసిందండీ. మా ఇంట్లో కూరలో కొబ్బరి కోరు వెయ్యడం మానేసింది మా ఆవిడ. కోనసీమలో పుట్టి కొబ్బరి లేని కూర తింటున్నానండీ నేను."

"ఇక్కడ తింటున్నావుగా, ఏడుపెందుకు? చెల్లెమ్మా, వీడికి ఇంకో గరిటె వెయ్యండి."

"ఆయ్," అంది అమ్మ. ఆటో అన్నకి వేసింది, అడక్కుండానే మావయ్యగారికీ వేసింది.

నేను ల్యాప్‌టాప్‌లో ఒక లెక్క తయారుచేశాను. ప్లేటుకి పిండి ఎంత, ఆకు ఎంత, గ్యాసు ఎంత, చట్నీ ఎంత. మొదటి గరిటె దగ్గర కాస్త మిగులుతోంది. రెండో గరిటెతో ఆ మిగులు పోతోంది. మూడో గరిటె అడిగినవాడికి మేమే ఎదురిచ్చి పెడుతున్నట్టు. అమ్మని కూర్చోబెట్టి చూపించాను. మార్గాలు మూడు. ప్లేటు రేటు పెంచడం, రెండో గరిటె ఆపడం, చట్నీలో సగం పుట్నాల పప్పు కలపడం. ఏదో ఒకటి చెయ్యకపోతే దసరా దాకా కూడా హోటలు నడవదని చెప్పాను.

అమ్మ తెర వైపు చూసింది కానీ అంకెలు చదవలేదు.

"రేటు పెంచితే ఎందుకమ్మా అంటారు. కొబ్బరి పెరిగిందనాలి నేను."

"అను. నిజమేగా."

"నాకెందుకు పెరగాలిరా కొబ్బరి?"

దానికి నా లెక్కలో గడి లేదు. ల్యాప్‌టాప్ మూసేశాను.

నేను ధర అడిగే అమలాపురం హోటల్లో అప్పటికే చట్నీ మారిపోయింది. పప్పు రుచి తెలిసిపోతోంది. కానీ నా పట్టికలో ఉన్నది ఇడ్లీ ప్లేటు, ఎన్ని ఇడ్లీలు, ఎంత రేటు. రేటు మారలేదు, ఇడ్లీల సంఖ్య మారలేదు. చట్నీ పట్టికలో లేదు. మార్పు లేదని ఎక్కించి బయటికి వచ్చాను.

ఆ నెలాఖరులో ఒక పొద్దున్న అమ్మ చట్నీలో పప్పు కలిపింది. నాతో చెప్పలేదు. రుబ్బుతున్న వాసన బట్టి నాకు తెలిసింది. ఆ రోజు అందరికీ ఒక గరిటె ఎక్కువే వేసింది. ఆటో అన్న ప్లేటు వంక చూసి వాతావరణం గురించి మాట్లాడాడు. మావయ్యగారు పొట్టిక్కలు మాత్రం తిని, చట్నీ ఉంచేసి, చెయ్యి కడుక్కుని, "ఈవేళ ఆకలి లేదు చెల్లెమ్మా, ఏమీ అనుకోకండి," అని వెళ్లారు.

మర్నాడు ఆయన తువ్వాల్లో నాలుగు కాయలు కట్టుకుని వచ్చారు. బల్ల మీద పెట్టారు. అప్పటికి వసారాలో ఆరేడుగురున్నారు.

"నిన్న చెట్ల మీంచి కాయల దింపు తీయించేను చెల్లెమ్మా. ఉంచండి. వారానికిన్ని పంపిస్తాను."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "ఎందుకండీ అన్నయ్యగారూ? ఉన్నాయండీ."

"ఉన్నాయనుకోండి. ఇవీ ఉంచండి. ఎక్కడివో కాదు, మన పెరట్లోవే."

మన పెరట్లోవే అన్న మాట ఆయన ప్రేమగానే అన్నారు. అందులో వేరే ఏమీ లేదు. కానీ ఆ మాట తరవాత వసారాలో ప్లేట్ల చప్పుడు ఆగింది. గోడ కట్టిన మేస్త్రీ తల వంచుకున్నాడు. డొక్కల కుప్ప మావయ్యగారి కాలి పక్కనే ఉంది.

అమ్మ చెయ్యి తుడుచుకుని లేచింది. నా వైపు తిరిగింది.

"కాయ రేటెంతరా ఈ నెల?"

నేను ముందు రోజే ఎక్కించాను. చెప్పాను.

"ఒలిచిందా, ఒలవనిదా?"

"ఒలిచింది. ఒలవనిది కొంచెం తక్కువ ఉంటుంది."

"ఒలిచిన రేటే వెయ్యి." డబ్బాలోంచి నాలుగు కాయలకీ సరిపోను డబ్బు తీసి, ఆయన ప్లేటు పక్కన పెట్టింది. "తీసుకోండి అన్నయ్యగారూ. పంపిస్తూ ఉండండి, కొంటాను."

"ఇదేంటమ్మా? నా దగ్గర కొనడమేంటి?"

"మరి ఎవరి దగ్గరో కొంటున్నానుగా అండీ."

పెరడు అమ్మాక అమ్మ ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మావయ్యగారి కళ్లు ఎర్రబడ్డాయి. కోపమో, ఇంకేదో తెలియదు. డబ్బు ముట్టుకోలేదు. ప్లేటు కూడా ముట్టుకోకుండా లేచి, ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆటో అన్న ఆ నోట్లు తీసి, గాలికి పోకుండా ఒక కాయ కింద పెట్టాడు. వాటిని సాయంత్రం నేను మావయ్యగారింట్లో ఇచ్చి వచ్చాను. ఆయన పడుకున్నారని చెప్పి వాళ్లావిడ తీసుకున్నారు.

తరవాత మావయ్యగారు రాలేదు. మిగతావాళ్లు వచ్చారు. అదే రేటు, అవే పొట్టిక్కలు. అమ్మ మళ్లీ పూర్తి కొబ్బరితోనే చట్నీ చేసింది, పప్పు జోలికి వెళ్లలేదు. కానీ గరిటెతో రెండోసారి బల్ల దగ్గరికి వెళితే ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టేవారు.

"చాలండి పిన్నిగారూ."

"కొంచెం వేసుకోండి."

"వద్దండీ. సరిపోయింది."

అందరూ అంతే. మాట్లాడుకుని చేసినట్టు లేదు. ఎవరికి వారే మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టారు. ప్లాంటు కుర్రాళ్లకి ఈ గొడవేమీ తెలియదు, అయినా పక్కవాళ్లని చూసి వాళ్లూ పెట్టారు. పొడి పొట్టిక్కతో ఆఖరి ముద్ద మింగి నీళ్లు తాగి వెళ్లేవారు. అమ్మ గరిటె పట్టుకుని రెండు బల్లల మధ్య నిలబడేది.

నేను ఆ నెల లెక్క మళ్లీ వేశాను. ఒక్క గరిటెతో ప్లేటుకి మిగులుతోంది. చాలా నెలల తరవాత మిగులు గడిలో అంకె ఎరుపులోంచి నలుపులోకి వచ్చింది. అమ్మకి చెప్పాను.

"కుదిరిందమ్మా లెక్క. ఇలాగే ఉంటే నడుస్తుంది."

"కుదిరిందా," అంది.

ఆ శనివారం హోటలు మూసేసింది. పొద్దున్నే పొయ్యి వెలిగించలేదు, అంతే. ఆటో అన్న రోడ్డు మీద నుంచి హారన్ కొట్టి చూశాడు. అమ్మ లోపలి నుంచే "లేదండీ ఈవేళ" అంది. మర్నాడూ అదే చెప్పింది. మూడో రోజు అతను హారన్ కొట్టలేదు.

అమ్మ హోటలు నా పరిధిలోది కాదు. అది అమలాపురంలో ఉండి ఉంటే ట్యాబ్‌లో మూసివేత అని నొక్కి, కారణం గడిలో ఏదో ఒకటి ఎంచుకునేవాణ్ణి. నష్టం అన్న కారణం ఉంది. యజమాని అనారోగ్యం ఉంది. స్థలం మార్పు ఉంది. ఇతరములు ఉంది.

ఇప్పుడు అమ్మ ఓడలరేవులో ఒక కాంట్రాక్టరు నడిపే క్యాంటీన్లో వంట చేస్తోంది. ఆటో అన్నే పొద్దున్న తీసుకెళ్లి మధ్యాహ్నం దింపుతాడు. పొట్టిక్కలు లేవు, ఇడ్లీలే. చట్నీలో కొబ్బరి ఎంత, పప్పు ఎంత అన్నది కాంట్రాక్టరు రాసి గోడకి అంటించాడట. నెలకి జీతం వస్తుంది. హోటలు మీద మిగిలినదానికంటే ఎక్కువే.

పోయిన నెల కొబ్బరి తగ్గింది. చాలా నెలల తరవాత మొదటిసారి. ట్యాబ్ ఎర్ర గుర్తు చూపించి నిజమేనా అని అడిగింది. నిజమే అని నొక్కాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోడవతల మావయ్యగారు కాయల దింపు వాళ్లతో కూలి గురించి మాట్లాడుతున్నారు. నా బండి చప్పుడు విని మాట ఆపారు. బండి వెనక సంచి లేదని చూశారు. మళ్లీ కూలి మాట ఎత్తారు.

అమ్మ వసారాలో పాత పొయ్యి మీద స్నానానికి నీళ్లు కాస్తోంది. డొక్కల కుప్ప చాలావరకు తరిగిపోయింది.

"కొబ్బరి తగ్గిందమ్మా."

"ఎంత?"

చెప్పాను.

"క్యాంటీన్లో రేట్లు తెలియవురా మాకు," అంది. "గరిటె చిన్నది ఇచ్చేడు కాంట్రాక్టరు. మనిషికి ఒకటి. ఎవరూ రెండోది అడగరు, నేనూ వెయ్యక్కర్లేదు." ఒక డొక్క తీసి పొయ్యిలో పెట్టింది. "హాయిగా ఉంది."

నీళ్లు మరిగే దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.