మడత తుపాకి, ఒక దగ్గు

ముందే ఒప్పుకుంటున్నా, నేను గోరంత జరిగితే కొండంత చెప్పే రకం. ఆ ఏడు మా వేరుశెనగ చేనిమీద నలభై అడవిపందులు పడినాయి, ఒక్కొక్కటి ఆటో అంత. ఇక తుపాకి కొనాల్సిందేనని లైసెన్సు కాగితాలు పట్టుకుని చిత్తూరులో తిరుపతి బస్సెక్కినాను.

పక్కసీటు పెద్దాయన కాగితాలు చూసినాడు.

"ఏ తుపాకప్పా?"

"ఒంటి తూటాది. నడిమికి మడిచి తూటా పెట్టేది."

ఆయన గొడుగు తీసి, దాన్ని మడిచినట్టు, తూటా పెట్టినట్టు, మూసినట్టు నటించి తీరిగ్గా గురిపెట్టినాడు. ముందుసీటాయన గబుక్కున తల కిందికి దించేసినాడు.

"గురి తప్పితే మళ్లా ఇదంతా సెయ్యాల. అంతసేపు పంది నిలబడతాదా?"

"మీకుందా తుపాకి?"

"ఉండాది, పోలీస్ స్టేషన్లో. ఎలక్షన్లని అందరివీ పెట్టించుకున్నారు. అది లేక గట్టుమీద కూసోని గట్టిగా దగ్గినా. పందులు పారిపోయినాయి. ఎలక్షన్లు అయిపోయినా నేను పోయి తెచ్చుకోలేదు."

ఎట్లా దగ్గినారని అడిగితే దగ్గి చూపించినాడు. డ్రైవరు బ్రేకు వేసినాడు.

నేను తుపాకి కొనలేదు. రెండు పంటలుగా గట్టుమీద కూర్చుని దగ్గుతున్నా, కాయలు ఇంటికొస్తున్నాయి.

ఇందులో కల్పించింది ఆ నలభై పందుల్నే. వచ్చినవి మూడు, అందులో ఒకటి పిల్ల. డ్రైవరు బ్రేకు వేసింది మాత్రం నిజం.